కేబుల్ కాంట్రాక్టులో మాటలు, మీటర్లు, డబ్బు

ప్రశ్న: తెనాలి దగ్గర ఒక చిన్న పట్టణంలో చాలా ఏళ్లు కేబుల్ టీవీ లైన్‌మన్‌గా పనిచేశాను. కిందటి ఏడాది ఒక ఎంఎస్ఓ (సిగ్నలు పంపే పెద్ద కేబుల్ సంస్థ) ఫ్రాంచైజీ దగ్గర 24 కోర్ల, అంటే 24 ఫైబర్లున్న, ఏరియల్ ఫైబర్ లైనును స్తంభాల మీద వేసే పనిని, ఆ తరువాత దాని మెయింటెనెన్సును సబ్ కాంట్రాక్టుగా తీసుకున్నాను. వర్క్ ఆర్డరు అంతా ఇంగ్లీషులో ఉంది, దాన్నీ మిగతా కాగితాలనూ జతచేశాను. నేను 10,900 మీటర్లకు బిల్లు పెడితే 10,250 మీటర్లకే పాస్ చేశారు. పైగా 650 మీటర్ల కేబుల్ తగ్గిందని దాని ఖరీదును నా బిల్లులోనే కోత పెట్టారు. ఒక జాయింటులో నాలుగు కోర్లు ఏటీ అనే పరీక్షలో ఫెయిలయ్యాయన్నారు. మిగిలిన డబ్బు అడిగితే రిటెన్షన్ అంటారు, బ్యాక్ టు బ్యాక్ అంటారు. మెయింటెనెన్సుకు నెలనెలా యాక్టివ్ సెట్‌టాప్ బాక్సుల లెక్కన ఇస్తామన్నారు గానీ ఆ సంఖ్య ఎప్పుడూ నా లెక్కతో కలవదు. టీడీఎస్ అని కూడా కొంత పట్టుకున్నారు. ఈ మాటలన్నీ నేర్చుకోవడానికి ఏదైనా పుస్తకం ఉంటే చెప్పగలరు.

సమాధానం:

మీ ఇబ్బందికి కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదని మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు స్పష్టమైంది. నోడ్, కప్లర్, ఆంప్లిఫయర్, డ్రాప్ వైరు, జాయింట్ బాక్సు, పిగ్‌టెయిల్ వంటి మాటలు మీ చేతికి తెలిసినంతగా ఆ వర్క్ ఆర్డరు రాసిన వారికి తెలియకపోవచ్చు. మిమ్మల్ని దెబ్బతీసినవి స్తంభం మీది మాటలు కావు, కాగితం మీది మాటలు. వాటిని నిఘంటువులో అర్థం చూసి నేర్చుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఒకే మాటకు ఒక ఒప్పందంలో ఉన్న అర్థం మరొక ఒప్పందంలో ఉండదు. కాగితంలో ఏ మాట కనిపించినా దాన్ని దేనితో కొలుస్తారు, ఆ కొలత మీద ఎవరు సంతకం పెడతారు, ఆ సంతకం పడ్డాక డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి అని అడగండి. వీటికి జవాబు దొరికితే ఆ మాట మీకు వచ్చినట్లే. దొరకకపోతే, సంతకం చేసే ముందు దొరికేదాకా అడగవలసిందే.

ముందుగా మీ 650 మీటర్ల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ వ్యాపారంలో సబ్ కాంట్రాక్టరు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. మీరు వేసిన లైనుకు ఒక్క పొడవు కాదు, మూడు పొడవులు ఉన్నాయి. స్తంభం నుంచి స్తంభానికి నేల మీద రోడోమీటరు అనే కొలత చక్రం నడిపించి కొలిస్తే వచ్చేది రూట్ పొడవు. కేబుల్ పైతొడుగు మీద మీటరు మీటరుకు అచ్చువేసి ఉండే అంకెల్లో మొదటి అంకెకు, చివరి అంకెకు మధ్య ఉన్న తేడా కేబుల్ పొడవు. ఓటీడీఆర్ యంత్రం వెలుగును పంపి, అది తిరిగి వచ్చిన సమయాన్ని బట్టి చూపించేది ఫైబర్ పొడవు. కేబుల్ లోపలి ట్యూబుల్లో ఫైబర్ తిన్నగా కాక కొద్దిగా మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి, కేబుల్ తయారీని బట్టి ఫైబర్ పొడవు పైతొడుగు పొడవు కన్నా ఒక శాతం నుంచి కొన్ని శాతాల వరకు ఎక్కువగా ఉంటుంది. మీ లైనుకు రూట్ పొడవు 10,250 మీటర్లు, కేబుల్ పొడవు 10,900 మీటర్లు, మీరు జతచేసిన ఓటీడీఆర్ కాగితం ప్రకారం ఫైబర్ పొడవు 11,050 మీటర్లు. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు.

ఓటీడీఆర్ అంకెను మాత్రం కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఆ యంత్రంలో వక్రీభవన గుణకం, అంటే మనవాళ్లు ఐఓఆర్ అని పిలిచే అంకెను ముందుగా సరిచేయాలి. మామూలు సింగిల్ మోడ్ ఫైబరుకు అది 1.467, 1.468 దగ్గర ఉంటుంది. పొరపాటున 1.460 పెట్టి కొలిస్తే మీ లైను అరవై మీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. ఆ ఒక్క కారణంతో రెండు పక్షాలు వాదులాడుకునే సందర్భాలు ఉంటాయి. డ్రమ్ముతో పాటు వచ్చే పరీక్షా పత్రంలో ఆ అంకె ఉంటుంది కనుక దాన్ని ఫోటో తీసి దాచుకోండి.

ఇక 10,900కు, 10,250కు మధ్య ఉన్న తేడా ఎక్కడికి పోయిందో చూద్దాం. మీరు పంపిన స్పాన్ పట్టికను, అంటే స్తంభాల మధ్య దూరాల పట్టికను, బట్టి లెక్కవేస్తే, స్తంభాల మధ్య కేబుల్ కొద్దిగా వేలాడడం వల్ల, అంటే శాగ్ వల్ల, సుమారు 130 మీటర్లు పోయాయి. ఐదు జాయింట్ల దగ్గర అటు పది, ఇటు పది మీటర్ల చొప్పున వదిలిన లూపు, అంటే చుట్టి ఉంచిన అదనపు కేబుల్, 100 మీటర్లు. రేపు కొత్త కనెక్షన్లు తీయడానికి పదిహేను కూడళ్లలో ఇరవై మీటర్ల చొప్పున చుట్టి కట్టిన లూపులు 300 మీటర్లు. రెండు చివర్ల గదుల్లోకి తీసుకెళ్లి ర్యాకుల దాకా పోనిచ్చినది 60 మీటర్లు. స్ప్లైసింగుకు, అంటే ఫైబర్లను అతికించడానికి, కొసలు తీర్చేటప్పుడు కోసి పారేసిన ముక్కలు మరో 60 మీటర్లు. మొత్తం కలిపితే సరిగ్గా ఆ 650 మీటర్లే. కోసి పారేసిన ఆ ముక్కలు తప్ప కేబుల్ ఎక్కడికీ పోలేదు, లైనులోనే ఉంది. లూపులు వదలమని చెప్పింది కూడా వాళ్ల ఇంజినీరే.

అయినా రూట్ పొడవుకే కూలి ఇస్తామనడంలో అన్యాయం లేదని నా అభిప్రాయం. మీ వర్క్ ఆర్డరులోని రేటు పట్టికలో ఆ పనికి ఎదురుగా ఆర్ఎంటీ అని ఉంది, అంటే రన్నింగ్ మీటరు. కింద సన్న అక్షరాల్లో ఉన్న గమనికలో రూటు వెంట కొలవాలని కూడా రాశారు. రేటు ఒప్పుకున్నప్పుడే లూపుల శ్రమ కూడా అందులో ఇమిడి ఉందని వాళ్లు వాదిస్తారు, ఆ వాదన నిలుస్తుంది. అసలు తప్పు రెండో చోట జరిగింది. కేబుల్ మీరు కొన్నది కాదు, వాళ్లు ఉచితంగా ఇచ్చినది. దీన్నే ఒప్పందంలో ఫ్రీ ఇష్యూ మెటీరియల్ అన్నారు. పని అయ్యాక ఎంత ఇచ్చారు, ఎంత వాడారు, ఎంత తిరిగి అప్పగించారు అని సరిచూసే లెక్కను రీకన్సిలియేషన్ అంటారు. వాళ్లు మీకు 11,200 మీటర్లు ఇచ్చారు, మీరు 300 మీటర్లు స్టోరుకు తిరిగి ఇచ్చి రసీదు తీసుకున్నారు. కాబట్టి వాడినది 10,900 మీటర్లు. కానీ వాళ్ల స్టోర్సు గుమస్తా కూలి లెక్కలోని 10,250 అంకెనే ఇక్కడా వాడి, మిగతాది మీ దగ్గర తగ్గిందని రాశాడు. అంటే ఒకే 650 మీటర్లకు మీరు రెండుసార్లు నష్టపోయారు, ఒకసారి కూలి రూపంలో, మరోసారి ఖరీదు రూపంలో. కూలిని రూట్ పొడవు మీద లెక్కకట్టవచ్చు గానీ సామాను లెక్కను కేబుల్ పొడవు మీదే కట్టాలి. ఈ రెండో కోత మీద మీరు గట్టిగా నిలబడవచ్చు. దానికి తోడు మీ ఒప్పందంలో 1 శాతం వేస్టేజి అనుమతి ఉంది. కోసి పారేసిన 60 మీటర్లు ఆ పరిమితిలోనే ఉన్నాయి.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. కొన్ని పట్టికల్లో ఫైబర్ కిలోమీటరు, లేదా కోర్ కిలోమీటరు అనే ప్రమాణం ఉంటుంది. ఒక కిలోమీటరు 24 కోర్ల కేబుల్ వేస్తే అది 24 ఫైబర్ కిలోమీటర్లు అవుతుంది. టెస్టింగుకు ఫైబర్ కిలోమీటరు లెక్కన రేటు ఉన్నప్పుడు మీరు కేబుల్ కిలోమీటరు అనుకుని బిల్లు పెడితే నష్టం ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో విషయం ఏటీ, అంటే యాక్సెప్టెన్స్ టెస్టు. పని నిబంధనల ప్రకారం ఉందని వాళ్లు ఒప్పుకునే పరీక్ష అది. దాని తరువాతే ఫైనల్ బిల్లు కదులుతుంది కాబట్టి అందులోని అంకెలు మీకు పూర్తిగా తెలియాలి. అంకెలన్నీ డీబీల్లో ఉంటాయి. డీబీ అనేది పరిమాణం కాదు, రెండు పరిమాణాల మధ్య ఉన్న నిష్పత్తి. మూడు డీబీల నష్టం అంటే వెలుగు సగమైందని, పది డీబీల నష్టం అంటే పదో వంతు మిగిలిందని అర్థం. డీబీఎం అనేది మాత్రం అసలు మట్టం, ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పేది. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాటు. ఫైబర్ చివర, వెలుగును విద్యుత్ సిగ్నలుగా మార్చే నోడ్ తరువాత కోయాక్సియల్ వైరులోకి వచ్చాక ఇదే లెక్క డీబీ మైక్రోవోల్టులలోకి మారుతుంది. నష్టాన్ని డీబీల్లో చెప్పవచ్చు, మట్టాన్ని చెప్పాలంటే డీబీఎం గానీ డీబీ మైక్రోవోల్టు గానీ వాడాలి. ఇన్‌స్పెక్షన్ నివేదికలో ఈ మూడింటినీ కలిపి కేవలం డీబీ అని రాస్తే ఆ నివేదికను వెనక్కి పంపండి.

మీ లైనుకు ఎంత నష్టం న్యాయమో మీరే కాగితం మీద వేసుకోవచ్చు. మీ ఒప్పందం 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 0.25 డీబీ, ప్రతి స్ప్లైసుకు 0.1 డీబీ, ప్రతి కనెక్టరుకు 0.5 డీబీ అనుమతిస్తోంది. 11.05 కిలోమీటర్లకు సుమారు 2.76, ఐదు జాయింట్లకు 0.5, రెండు కనెక్టర్లకు 1.0, కలిపి 4.26 డీబీ. దీన్నే లింక్ బడ్జెట్ అంటారు. పవర్ మీటరుతో కొలిచినప్పుడు ఏ కోరైనా ఈ అంకె లోపల ఉంటే అది పాసైనట్లే. హెడ్ఎండ్‌లోని, అంటే సిగ్నలు బయలుదేరే కేంద్రంలోని, ఈడీఎఫ్ఏ (వెలుగును పెంచే యంత్రం) పోర్టు నుంచి 16 డీబీఎం బయలుదేరి, ఈ 4.26 పోగొట్టుకుని, చివర్లో పదహారు దారుల స్ప్లిటరులో మరో 14 డీబీలు వదులుకుంటే నోడ్ దగ్గరకు చేరేది మైనస్ 2.26 డీబీఎం. ఈ ఒక్క లెక్కను మీ చేత్తో మీరు వేయగలిగితే, సిగ్నల్ రావడం లేదు, లైను బాగోలేదు అని ఎవరో ఫోనులో అన్నంత మాత్రాన మీరు నిచ్చెన తీసుకుని పరిగెత్తవలసిన పని ఉండదు. లోపం లైనులో ఉందా, పోర్టులో ఉందా, స్ప్లిటరులో ఉందా అని తిరిగి అడగగలుగుతారు.

ఫెయిలయ్యాయన్న నాలుగు కోర్ల విషయానికి వద్దాం. నివేదికలో మూడో జాయింటు దగ్గర ఆ నాలుగు కోర్లకు 0.18 డీబీ చూపించారు, హద్దు 0.1. కానీ ఆ కొలత ఒక్క వైపు నుంచే తీశారు. రెండు వేర్వేరు డ్రమ్ముల ఫైబర్లను అతికినప్పుడు వాటి లోపలి నిర్మాణంలోని సన్నపాటి తేడా వల్ల ఓటీడీఆర్ ఒక వైపు నుంచి నష్టాన్ని ఎక్కువగా, అవతలి వైపు నుంచి తక్కువగా చూపిస్తుంది. కొన్నిసార్లు అవతలి వైపు నుంచి అది నష్టం కాక లాభంలా కూడా కనిపిస్తుంది. అతుకు దగ్గర వెలుగు పెరగడం అసాధ్యం, అది యంత్రం చూసే తీరులోని లోపం మాత్రమే. కాబట్టి రెండు వైపుల నుంచి కొలిచి సగటు తీయడమే ఆమోదిత పద్ధతి. అవతలి చివర నుంచి మైనస్ 0.06 వస్తే సగటు 0.06 అవుతుంది, ఆ కోర్లు పాసవుతాయి. మీ ఒప్పందం మూడో అనుబంధంలో రెండు వైపుల సగటు అనే మాట స్పష్టంగా ఉంది. ఆ వాక్యాన్ని ఉటంకిస్తూ మళ్లీ కొలవమని కోరండి. మళ్లీ కొలిచినా సగటు హద్దు దాటితే మాత్రం వాదించకుండా జాయింటు బాక్సులోని ఆ ట్రే తెరిచి నాలుగు కోర్లనూ తిరిగి అతికించడం మర్యాద.

తిరిగి కొలిచేటప్పుడు 1310, 1550 రెండు తరంగదైర్ఘ్యాల దగ్గరా తీయించండి. రెండింటిలోనూ నష్టం దాదాపు సమానంగా ఉంటే లోపం అతుకులో ఉండే అవకాశం ఎక్కువ. 1550 దగ్గర మాత్రమే బాగా పెరిగితే ట్రేలో ఫైబర్ ఎక్కడో బిగుతుగా మడతపడిందని అర్థం, అప్పుడు మళ్లీ స్ప్లైస్ చేయనవసరం లేకుండా చుట్టను వదులు చేస్తే సరిపోతుంది. అలాగే ర్యాకు దగ్గర ఆకుపచ్చ కొస ఉన్న ఏపీసీ కనెక్టరును నీలం కొస ఉన్న యూపీసీ అడాప్టరులో ఎవరైనా గుచ్చారేమో చూడండి. ఏపీసీ కొసను ఎనిమిది డిగ్రీల వాలుగా చెక్కుతారు, రెండింటినీ కలిపితే కొసలు సరిగా తాకవు, నష్టం డీబీల్లో పెరుగుతుంది, ఒక్కోసారి కొస కూడా పాడవుతుంది. టీవీ సిగ్నలు వెనక్కి పరావర్తనం కావడాన్ని సహించదు కాబట్టే మన కేబుల్ లైన్లలో ఆకుపచ్చవి వాడతారు.

ఇప్పుడు యాక్టివ్ బాక్సుల లెక్క. ఇది అర్థం కావాలంటే మీ పైన ఎవరెవరు ఉన్నారో తెలియాలి. ఎంఎస్ఓ అంటే ఛానెళ్లను బ్రాడ్‌కాస్టర్ల నుంచి తీసుకుని తన హెడ్ఎండ్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి పంపే సంస్థ. ఎల్‌సీఓ అంటే ఆ సిగ్నలును ఇళ్లకు చేర్చి బిల్లు వసూలు చేసే స్థానిక ఆపరేటరు. ఈ ఇద్దరి మధ్య ఒప్పందాన్ని ఇంటర్‌కనెక్షన్ ఒప్పందం అంటారు. అది నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల పరిధిలోకి వస్తుంది, తగాదా వస్తే టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు పోతుంది. ఎన్‌సీఎఫ్‌ను, అంటే చందాదారు నెలనెలా కట్టే నెట్‌వర్క్ రుసుమును, బ్రాడ్‌కాస్టర్లు ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ ఫీజును ఎంఎస్ఓ, ఎల్‌సీఓ ఏ నిష్పత్తిలో పంచుకోవాలనే చర్చ అంతా ఆ ఒప్పందానిదే. మీరు ఆ ఇద్దరిలో ఎవరూ కారు. మీది పని ఒప్పందం, దానికి వర్తించేది మామూలు కాంట్రాక్టు చట్టం. మీ వర్క్ ఆర్డరులో ఎన్‌సీఎఫ్ అనే మాట కనబడినా మీకు అందులో వాటా ఉందని ఆశపడవద్దు. అది కేవలం మీకిచ్చే మొత్తాన్ని లెక్కగట్టడానికి తెచ్చుకున్న అరువు మాట.

ఇక బాక్సుల్లోకి వస్తే, హోమ్స్ పాస్డ్ అంటే లైను ముందునుంచి వెళుతున్న ఇళ్లన్నీ, కనెక్షన్ ఉన్నా లేకపోయినా. సీడ్ చేసిన బాక్సులు అంటే ఇళ్లలో పెట్టినవి. యాక్టివ్ అంటే ఎంఎస్ఓ దగ్గరి ఎస్ఎంఎస్ సాఫ్ట్‌వేరులో, అంటే చందాదారుల నిర్వహణ వ్యవస్థలో, ఆ రోజు సేవ నడుస్తున్నవి. మీరు ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టేది సీడ్ చేసినవాటిని, వాళ్లు డబ్బిచ్చేది యాక్టివ్ వాటికి. అందుకే ఎప్పుడూ కలవదు. వేసవి సెలవుల్లో ఊళ్లకు పోయినవారు, రీచార్జి చేయనివారు, పెట్టెను అటక మీద పెట్టి ఓటీటీకి మారిపోయినవారు అందరూ మీ లెక్కలో ఉంటారు, వాళ్ల లెక్కలో ఉండరు. కానీ యాక్టివ్ సంఖ్యను ఏ రోజున తీస్తారో మీ ఒప్పందంలో రాయలేదు, నెలాఖరున తీస్తే అప్పటికి రీచార్జి గడువు ముగిసినవారంతా తగ్గిపోయి మీకు నష్టం. ఎంఎస్ఓలు బ్రాడ్‌కాస్టర్లకు లెక్క చెప్పేటప్పుడు ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం నెలలో 7, 14, 21, 28 తేదీల రాత్రి 7 నుంచి 11 గంటల మధ్య తీసిన సంఖ్యల సగటును వాడతారు. అదే సగటును మీ మెయింటెనెన్సు బిల్లుకూ వాడమని అడగండి. ఆ లెక్క వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది కాబట్టి కొత్తగా పని పెంచినట్లు కాదు, కాదనడానికి సరైన కారణం చూపడం వాళ్లకు కష్టం.

మెయింటెనెన్సు భాగంలోనే ఎస్ఎల్ఏ (సేవ ఎంత వేగంగా అందించాలనే షరతు) అనే మాట ఉంది, నాలుగు గంటల్లో పునరుద్ధరించకపోతే జరిమానా అని. గడియారం ఎప్పుడు మొదలవుతుందో చూడండి. ఫైబర్ తెగిన క్షణం నుంచా, వాళ్లు ఫిర్యాదు నమోదు చేసిన సమయం నుంచా, మీకు ఫోను చేసినప్పటి నుంచా? అర్ధరాత్రి తెగితే, కరెంటు వాళ్లు లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి, ఇవ్వకపోతే, జేసీబీ రోడ్డు తవ్వుతూ తెంపితే ఆ గంటలు ఎవరి ఖాతాలో పడతాయి? మీ కాగితంలో దీని మీద ఒక్క వాక్యం కూడా లేదు. వచ్చే ఏడాది రెన్యువల్‌లో ఇది రాయించుకోకుండా సంతకం చేయవద్దు.

లైన్ క్లియర్ గురించి రాయకుండా ఉండలేను. మీ పని పరిధిలో, అంటే స్కోపులో, అనుమతులన్నీ కాంట్రాక్టరు బాధ్యత అని ఒక చిన్న వాక్యం ఉంది. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ కూడా ప్రధానంగా విద్యుత్ స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది. తెలంగాణలో టీ ఫైబర్ మిషన్ భగీరథ పైపుల కందకాల వెంట వేసుకుంది. స్తంభాల మీది పనికి డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) అనుమతి ఉండాలి, స్తంభానికి ఇంత అని అద్దె ఉంటుంది, నేలకు, కరెంటు తీగకు కేబుల్ ఎంత ఎడంగా ఉండాలనే లెక్క ఉంటుంది. 2025 ఆగస్టులో హైదరాబాదులో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన తరువాత అక్కడ స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తెంపివేశారు. అలాంటి రోజు మీ ఊళ్లో వస్తే, అనుమతులు మీ బాధ్యత అన్న ఆ చిన్న వాక్యం వల్ల తిరిగి వేసే ఖర్చంతా మీ నెత్తిన పడుతుంది. డిస్కం అనుమతి, స్తంభాల అద్దె ఎంఎస్ఓ బాధ్యత అని, ఏ రోజుకారోజు లైన్ క్లియర్ తీసుకోవడం మాత్రమే మీ బాధ్యత అని విడదీసి రాయించుకోండి. ఇండెమ్నిటీ అనే మాట ఉన్న పేరాను కూడా ఒక వకీలుకు చూపించండి. మనిషి స్తంభం మీద నుంచి పడితే పరిహారం ఎవరు కట్టాలో అందులోనే ఉంటుంది, మీ కుర్రాళ్లకు ఈఎస్ఐ గానీ బీమా గానీ లేకుండా ఆ పేరా కింద సంతకం చేయడం నా దృష్టిలో చాలా ప్రమాదకరం.

డబ్బుకు సంబంధించిన మాటలు తక్కువే, కానీ వాటిని కలిపి చదవాలి. రిటెన్షన్ అంటే ప్రతి బిల్లులోనూ కొంత శాతం ఆపి ఉంచడం. అది కోత కాదు, మీ డబ్బే వాళ్ల దగ్గర ఉన్నట్లు. దాన్ని విడుదల చేసే తేదీ డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్, అంటే లోపం బయటపడితే మీరే సరిచేయవలసిన గడువు, ముగింపుతో ముడిపడి ఉంటుంది. ఆ గడువు ఎప్పుడు మొదలవుతుందంటే హ్యాండోవర్ పత్రం మీద సంతకం పడిన రోజు నుంచి. మీకు ఇంకా ఆ పత్రమే ఇవ్వలేదు కాబట్టి మీ గడియారం ఇంకా మొదలే కాలేదు. రిటెన్షన్ కోసం ఒత్తిడి చేసే ముందు ఆ పత్రం కోసం చేయండి. ఎల్‌డీ అంటే ఆలస్యానికి ముందుగానే ఒప్పుకున్న పరిహారం. వారానికి అర శాతం, మొత్తం మీద పది శాతం దాటకుండా అనే రూపంలో చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం అలా రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, సహేతుకమైన పరిహారానికి మించి ఇప్పించరు. మెటీరియల్ ఆలస్యంగా ఇచ్చినది వాళ్లే అయితే ఇచ్చిన తేదీల చలాన్లు చూపించి గడువు పెంపును రాతపూర్వకంగా కోరాలి.

బ్యాక్ టు బ్యాక్ అనేది అన్నిటికన్నా బరువైన మాట. పైవాళ్లు మాకిస్తేనే మేము మీకిస్తాం అని దాని సారాంశం. ఫ్రాంచైజీకి, ఎంఎస్ఓకు మధ్య మీకు సంబంధం లేని తగాదా వచ్చినా మీ డబ్బు ఆగిపోతుంది. దీన్ని పూర్తిగా తీసివేయమంటే ఒప్పుకోరు. పైనుంచి డబ్బు వచ్చినా రాకపోయినా బిల్లు ధ్రువీకరించిన ఇన్ని రోజుల్లో చెల్లించాలి అనే బయటి గడువు ఒకటి చేర్పించుకోవడం సాధ్యమే. మీరు ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేసుకున్నారా? సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి చెల్లింపు ఆపకూడదని, ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. సామాను, కూలి కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు అది వర్తిస్తుందా అనే విషయంలో కోర్టుల్లో వాదాలున్నాయి. మీరు సామాను సరఫరా చేయడం లేదు, కేవలం సేవ అందిస్తున్నారు, కాబట్టి మీ పక్షం కొంత బలంగానే ఉంటుంది. నమోదు అనేది పనికి ముందు ఉండాలి, తగాదా వచ్చాక చేసుకుంటే పాత బిల్లులకు పనికిరాకపోవచ్చు.

టీడీఎస్ గురించి, అంటే బిల్లులోనే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను గురించి, మీరు కొంత కంగారు పడ్డారు. అది వాళ్లు మింగినది కాదు. మీ సొంత పేరుతో కాంట్రాక్టు ఉంటే 1 శాతం, భాగస్వామ్య సంస్థ గానీ కంపెనీ గానీ అయితే 2 శాతం మినహాయించి మీ పాన్ మీద జమచేయాలి. జమయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు, రిటర్ను వేస్తే మీ పన్నులో సర్దుబాటు అవుతుంది.

పుస్తకం అడిగారు. కొనవలసిన పుస్తకం లేదు, రాయవలసిన పుస్తకం ఉంది. ప్రభుత్వ పనుల్లో దాన్ని మెజర్‌మెంట్ బుక్కు, ఎం బుక్కు అంటారు. ఒక పొడవాటి నోటు పుస్తకం తీసుకుని ప్రతి స్పానుకు ఒక వరుస కేటాయించండి. స్తంభం నంబరు, కేబుల్ మీద మొదలైన అంకె, ముగిసిన అంకె, లూపు ఎన్ని మీటర్లు, డ్రమ్ము నంబరు, తేదీ రాసి, ఆ రోజు సైటుకు వచ్చిన వాళ్ల సూపర్‌వైజరు చేత పక్కన సంతకం పెట్టించండి. అంకెలు కనిపించేలా కేబుల్‌కు ఫోను దగ్గర పెట్టి ఫోటో తీయండి. జాయింటు మూసేముందు ట్రే ఫోటో కూడా తీయండి, బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్ వరుసలో ఏ కోరు ఎక్కడికి పోయిందో అందులో తెలియాలి. పని చివర ఇవ్వవలసిన యాజ్ బిల్ట్ డ్రాయింగుకు, అంటే లైను నిజంగా ఎలా వేశారో చూపే పటానికి, మీకు వేరే శ్రమ ఉండదు, ఈ పుస్తకమే దానికి మూలం.

ప్రస్తుత బిల్లుకు వెంటనే చేయవలసినది ఇది. వాళ్లిచ్చిన తగ్గించిన బిల్లు మీద, ఫుల్ అండ్ ఫైనల్ అనే ముద్ర ఉంటే, సంతకం చేయకండి. చేయక తప్పకపోతే సంతకం పక్కన అభ్యంతరంతో స్వీకరించాను అని మీ చేత్తో రాయండి. ఈ వారంలోనే ఒక ఈమెయిలు పంపండి. అందులో 650 మీటర్ల విభజనను శాగ్, లూపులు, చివర్లు, వేస్టేజి అని పైన చెప్పిన విధంగా చూపించి, సామాను లెక్కను కేబుల్ పొడవు మీద తిరిగి కట్టాలని, కేబుల్ ఖరీదు కింద పెట్టిన కోతను (రికవరీని) రద్దు చేయాలని, మూడో జాయింటులోని నాలుగు కోర్లను రెండు వైపుల నుంచి కొలవాలని, ఇందుకు ఉమ్మడి కొలత తేదీ ఇవ్వాలని కోరండి. 300 మీటర్లు తిరిగి అప్పగించిన స్టోరు రసీదును, ఓటీడీఆర్ ఫైళ్లను జతచేయండి. ఓటీడీఆర్ ఫలితాలను పీడీఎఫ్‌గా కాక యంత్రం ఇచ్చే అసలు ఫైళ్లుగానే పంపండి, ఎందుకంటే ఐఓఆర్ ఎంత పెట్టి కొలిచారో ఆ ఫైలులోనే తెరిచి చూడవచ్చు.